ఇంటి సిమ్యులేటరును, ఆమోదిత శిక్షణ యంత్రమును

(మన సంఘమందిరమున ఆదివారము సాయంకాలము జరిగిన సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మేము మాటలాడబోవు విషయము ఇంతకుముందు ఈ వేదికమీద చర్చకు వచ్చినది కాదు. మనము సాధారణముగా పాఠశాలలలో తెలుగు బోధనను గూర్చియు, ధ్రువపత్రములను గూర్చియు, పండుగల చందాలను గూర్చియు మాటలాడుకొందుము. అయినను పోయిన నెలలో ఒక సోదరి మాయింటికి వచ్చి, “అన్నగారూ, మా చిన్నవాడు పైలటు కావలెనని పట్టుపట్టినాడు. రెండు లక్షలు పెట్టి ఇంటిలో సిమ్యులేటరు అమర్చినచో సగము శిక్షణ ఇంటనే పూర్తియగునట. ఇది నిజమేనా?” అని అడిగినది. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదనియు, ఈ సభలో కనీసము నాలుగైదు ఇండ్లవారిదనియు తరువాత తెలిసినది. అందువలన కొంత చదివి, కొంత అడిగి, కొంత స్వయముగా చూచి తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాము.

మన పిల్లలకు ఈ కోరిక కలుగుటలో ఆశ్చర్యమేమియు లేదు. బీదరులో పుట్టిన బిడ్డ కోట బురుజులను చూచుటకంటె ముందే విమానధ్వనిని వినును. సూర్యకిరణ్ దళము 1996లో ఈ ఊరిలోనే ఏర్పడినది. హాక్ జెట్ శిక్షణ విమానములను వాయుసేన 2008 ఫిబ్రవరిలో ఇచ్చటనే స్వీకరించినది. 2020 ఫిబ్రవరి 7వ తేదీన ట్రూజెట్ వారి ఏ.టి.ఆర్. విమానము బెంగుళూరు నుండి వచ్చి దిగినపుడు మనలో చాలమంది పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లితిమి. 2021లో ప్రభుత్వ విమానాశ్రయసంస్థ పైలటు శిక్షణాలయములను నెలకొల్పుటకు దేశమున ఎన్నుకొన్న అయిదు విమానాశ్రయములలో మన పొరుగున ఉన్న కలబురగి ఒకటి. పూర్వము ఈ చదువు దూరదేశపు మాట. ఇపుడు బస్సులో పోయి చూచి సాయంకాలమునకు తిరిగి రాదగినంత దగ్గరకు వచ్చినది. కోరిక దగ్గరకు వచ్చినపుడు దానిని అమ్ముకొనువారును దగ్గరకు వత్తురు గదా!

మొదట ఈ యంత్రము ఎట్లు పుట్టినదో వినుడు. ఇది వినోదమునకు చెప్పు కథ కాదు. మన ప్రశ్నకు సగము జవాబు ఇందులోనే యున్నది.

అమెరికాలో బింగ్‌హామ్‌టన్ అను ఊరిలో లింక్ అనువారు పియానోలు, ఆర్గనులు తయారుచేయు కర్మాగారము నడుపుచుండిరి. ఆయన కుమారుడు ఎడ్విన్ లింక్. అతనికి విమానము నడుపవలెనని మోజు. శిక్షణకు కట్టవలసిన రుసుము చూచి గుండె ఆగినంత పనియైనది. అపుడతడు తండ్రి కర్మాగారములోని ఆర్గను తిత్తులను, గాలి కవాటములను, పంపులను తీసికొని ఒక చిన్న పెట్టె వంటి విమానము చేసెను. లోపల కూర్చున్నవాడు కర్రను కదల్చినకొలదియు తిత్తులలో గాలి నిండియు, తగ్గియు పెట్టె వంగును, లేచును, తిరుగును. హార్మోనియము తిత్తిని ఎరిగిన మనకు ఇది గ్రహించుట కష్టము కాదు. అతనికి 1931లో పేటెంటు లభించినది. ఆ పత్రములో యంత్రమునకు ఇచ్చిన వర్ణన గమనింపదగినది: విద్యార్థులైన చోదకులకు శిక్షణయు, జనులకు వినోదమును రెండును ఒకటిగా కలిపిన సాధనమట! కొనువారిలో ఎక్కువమంది వినోదశాలలవారే. నాణెము వేసి పిల్లలు ఎక్కి ఊగుచుండిరి. విమానశిక్షణాలయములవారు దానివైపు కన్నెత్తి చూడలేదు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము తపాలాను విమానములలో చేరవేయు పనిని సైనిక వైమానిక దళమునకు అప్పగించినది. ఆ యువకులు పగటివెలుగులో చక్కగా ఎగురగలరు. చీకటిలోను, మంచులోను, మేఘములలోను గడియారములవంటి సాధనములను మాత్రమే చూచి నడుపుట వారిలో పెక్కుమందికి రాదు. కొలది వారములలో పదిమందికి పైగా చోదకులు మరణించిరి. అపుడు సైన్యాధికారులకు ఈ ఆర్గనువాని పెట్టె జ్ఞప్తికి వచ్చినది. వారు న్యూయార్క్ పక్కనున్న నెవార్కులో అతని కొరకు వేచియుండగా దట్టమైన పొగమంచు కమ్మెను. ఇక రాడని వారు వెళ్లిపోబోవుచుండగా లింక్ ఆ మంచులోనే తన విమానమును నడుపుకొనుచు వచ్చి దిగెనట. సైన్యము ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు పెట్టెలు కొనెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అట్టివి పదివేలకు మించి తయారైనవి. లక్షలాది చోదకులు అందులో శిక్షణ పొందిరి.

ఇందులో మీరు గమనింపవలసినది ఒకటి కలదు. వినోదశాలలో ఊగిన పెట్టెయు, సైన్యము కొన్న పెట్టెయు పుట్టుకలో ఒకటే. సైన్యమువారి దానిలో చోదకుని తలపై మూత మూయబడినది, లోపల సాధనములు అమర్చబడినవి, ప్రక్కన బల్లయొద్ద ఒక శిక్షకుడు కూర్చుండి ఇతడు పోయిన దారిని కాగితముమీద గీత గీయించుచు తప్పు ఎక్కడ జరిగినదో చూపెను. పెట్టెను శిక్షణ యంత్రముగా చేసినది ఆ బల్లయు, ఆ గీతయు.

ఇక నేటి సంగతి. బ్రూస్ ఆర్ట్‌విక్ అను ఆయన రచించిన విమాన కార్యక్రమము 1980 ప్రాంతమున చిన్న కంప్యూటర్లలోనికి వచ్చినది. 1982లో మైక్రోసాఫ్ట్ వారు దానిని ఫ్లైట్ సిమ్యులేటర్ అను పేర వెలువరించిరి. 2020 ఆగస్టులోను, 2024 నవంబరులోను వచ్చిన క్రొత్త రూపములను మన పిల్లలు మనకంటె బాగుగా ఎరుగుదురు. భూగోళమంతయు ఉపగ్రహచిత్రములతో తెరమీద కనబడును. ఆస్టిన్ మేయర్ అను ఆయన రచించిన ఎక్స్‌ప్లేన్ మరియొకటి. ఇవి చూచి పెద్దలు, “ఇంత సహజముగా నున్నదే, ఇంకేమి కావలెను?” అందురు.

ఇచ్చటనే మోసపోవుట జరుగును. ఎక్స్‌ప్లేన్ అను ఆ కార్యక్రమమే అమెరికాలో ప్రభుత్వామోదము పొందిన కొన్ని శిక్షణ యంత్రములలో లోపల పనిచేయుచున్నది. ఇది సత్యము. అంతమాత్రమున అంగడిలో కొన్న ప్రతి ఆమోదితమైనది కాదు. ఆ సంగతి దాని కర్తలే స్పష్టముగా చెప్పుచున్నారు. ఆమోదము కార్యక్రమమునకు కాదు. ఆ కార్యక్రమము, దానిని నడుపు కంప్యూటరు, చేతితో పట్టుకొను సాధనములు, తెర, వీటన్నిటి కూర్పు మొత్తమునకు కలిపి ఆమోదము. అందులో ఒక్కటి మార్చినను మరల అధికారులకు చెప్పుకొనవలసినదే.

మన ఊరివారికి ఇది అర్థము కానిది కాదు. నల్లని లోహముమీద తెల్లని తీగె పొదిగినదెల్ల బిదరీ పాత్ర అగునా? యాత్రికుడు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టిన గుర్తింపలేడు. యశదములో కొంచెము రాగి కలిపిన పోత, వెండి తీగె, కోటలోని పాతమన్ను, వీటిని చూచి పలుకవలసినవాడు పనివాడు. 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత, పనివానిని ఎరుగని కొనుగోలుదారునికి ఆ ముద్రయే ఆధారమైనది. అందమును బట్టి ముద్ర వేయరు.

అమెరికాలో ఈ ముద్రను ఎఫ్.ఏ.ఏ. అను వైమానిక శాఖ ఇచ్చును. 1997లో మొదటిసారిగా చిన్న కంప్యూటరుతో పనిచేయు శిక్షణ సాధనములకు పరిమితమైన గుర్తింపు వచ్చినది. నేడు అవి ప్రాథమికములు, ఉన్నతములు అని రెండు తరగతులు. ఆమోదపత్రము వ్రాతమూలముగా నుండును. దానికి గడువు అయిదేండ్లు. ఏ యే పనులకు ఎన్ని గంటలు లెక్కకు వచ్చునో అందులో వ్రాయబడియుండును. ఎలుకను కదపియో, మీటలను నొక్కియో విమానమును నడుపుట చెల్లదు. నిజమైన కర్ర, పాదములతో త్రొక్కు రడ్డరు పెడళ్లు, త్రాటిల్ ఉండవలెను. చేతి కదలికకును సాధనములలో మార్పు కనబడుటకును నడుమ జరుగు ఆలస్యము నిర్ణీత పరిమితిని దాటరాదు. ఉన్నత తరగతి యంత్రములో శిక్షకునికి వేరుగా ఆసనమును, తెరయు ఉండవలెను. మేఘములలో నడుపుటకు ఇచ్చు ఇన్‌స్ట్రుమెంటు రేటింగునకు కావలసిన 40 గంటలలో ప్రాథమిక యంత్రముమీద 10, ఉన్నత యంత్రముమీద 20 గంటల వరకు లెక్కించుకొనవచ్చునని 2016లో వెలువడిన నియమము. ఇంటి యంత్రముమీద వేయిగంటలు కూర్చున్నను లెక్కకు సున్న.

మన దేశములో ఈ అధికారము డి.జి.సి.ఏ. వారిది. ఉద్యోగము చేయదలచినవానికి కావలసిన సి.పి.ఎల్. అను వాణిజ్య చోదక అనుజ్ఞకు 200 గంటల గగనయానము చూపవలెను. అందులో 100 గంటలు తానే విమానమునకు అధిపతియై నడిపినవి. సాధనములను మాత్రమే చూచి నడుపు అభ్యాసము 10 గంటలు. ఆ పదింటిలో సిమ్యులేటరుమీద చేయదగినది 5 గంటలకు మించరాదు. ఆ సిమ్యులేటరును ఆమోదము పొందినదై యుండవలెను. నియమములు అప్పుడప్పుడు సవరింపబడుచుండును గనుక చేరబోవునపుడు తాజా ప్రకటనను చూచుకొనుట మంచిది. “సగము శిక్షణ ఇంటనే పూర్తియగును” అను మాటకు ఈ లెక్కలో ఎక్కడ చోటున్నదో మీరే చూడుడు.

ఆమోదిత యంత్రమునకే ఇంత పొదుపుగా చోటిచ్చుటకు కారణమేమి? ఈ సందేహము మాకును కలిగినది. దీనిని తీర్చుకొనుటకై మేము హైదరాబాదులో ఒక శిక్షణాలయమునకు వెళ్లి అనుమతి పొంది అట్టి యంత్రములో అరగంట కూర్చుంటిమి. అంతకుముందు పదిదినములు మా మేనల్లుని ఇంటి యంత్రముమీద సాధన చేసి, కొంత గర్వముతోనే వెళ్లితిమని ఒప్పుకొనవలెను. చూచుటకు ఆ యంత్రము మా మేనల్లుని దానికంటె పేలవముగా నున్నది. తెరమీద కొండలు అట్టముక్కలవలె నున్నవి. శిక్షకుడు తెనాలి ప్రాంతపు యువకుడు, మా కుమారుని వయస్సువాడు. మమ్ములను ముందు కూర్చుండబెట్టి తాను వెనుక తన తెరయొద్ద కూర్చుండెను.

విమానము లేచినది. మేఘములో ప్రవేశించినది. పైకి పోవుచుండగా వేగసూచిలో వేగము పెరుగుచున్నట్లు కనబడెను. వేగము తగ్గింపవలెనని మేము ముక్కును కొంచెము పైకెత్తితిమి. ఇంకను పెరిగెను. ఇంకను ఎత్తితిమి. ఇంతలో హెచ్చరిక కూత వినబడెను, విమానము ఒక ప్రక్కకు ఒరిగి క్రిందికి జారెను. శిక్షకుడు యంత్రమును అక్కడికక్కడ ఆపి, “అయ్యా, వేగమును కొలుచు గొట్టము మూసికొనిపోయినట్లు నేనే చేసితిని. అది మూసికొన్నపుడు వేగసూచి ఎత్తును చూచి పలుకును, వేగమును చూచి కాదు. మీరు ఒక్కదానినే నమ్మితిరి. ప్రక్కనున్న మూడింటిని అడుగలేదు,” అనెను. ఎంతో వినయముగా చెప్పినాడు. మాకు చెమట పట్టినది.

ఇంటి యంత్రములో ఇట్టి చెడిపోవుటలు లేవా? ఉన్నవి. మేనల్లుడు మాకు చూపించినాడు, ఏది ఎప్పుడు చెడవలెనో పట్టికలో గుర్తు పెట్టుకొనవచ్చును. అయితే గుర్తు పెట్టువాడును తానే, కనుగొనువాడును తానే! అదృష్టవశమున చెడునట్లు అమర్చుకొన్నను, తాను చేసిన తప్పేదో పిలిచి చెప్పువాడు లేడు. పడిపోయిన విమానము ఒక మీట నొక్కగనే మరల రన్‌వే మీద నిలిచియుండును. తప్పును దిద్దువాడు లేనిచోట వందసారులు చేసిన సాధన తప్పునే గట్టిపరచును. సంగీతము గురువు లేక నేర్చినవాని శ్రుతిని గూర్చి మన పెద్దలకు చెప్పనక్కరలేదు.

ఆ యువకునే మరల అడిగితిమి: “ఇంట సాధన చేసి వచ్చిన పిల్లలను చూడగానే గుర్తింపగలరా?” అతడు నవ్వి, “మొదటి దినముననే తెలియునండి. బయట ఆకాశము నిర్మలముగా నున్నను వారి కన్నులు పలకమీదనే యుండును. పాదములు పెడళ్లమీద నిద్రపోవుచుండును,” అనెను. కారణము విచారించిన తేటతెల్లమే. ఇంట బల్లమీద తెర చిన్నది, ప్రక్కలకు చూపు పోదు, కావున కన్ను సాధనములకు అంటుకొనును. పలువురి ఇండ్లలో పెడళ్లే ఉండవు. ఇంటి కర్రకు లోపలనున్నది ఒక స్ప్రింగు మాత్రమే. అది ఎల్లవేళల ఒకే బలముతో వెనుకకు లాగును. నిజమైన విమానములో వేగమును బట్టి కర్ర బరువెక్కును, తేలికపడును. ట్రిమ్ము తిప్పి ఆ బరువును తొలగించుకొనుట చేతికి తెలియవలసిన విద్య. స్ప్రింగు దానిని నేర్పజాలదు.

ఇంతకంటె ముఖ్యమైనది శరీరము. మన చెవి లోపల అర్ధవృత్తాకారపు నాళములు మూడు కలవు. అందులోని ద్రవము కదలికను బట్టి మనకు తిరుగుట తెలియును. మేఘములో విమానము నిలకడగా ఒక ప్రక్కకు తిరుగుచుండిన, కొంతసేపటికి ఆ ద్రవము సర్దుకొని, తిరుగుటలేదని పలుకును. అపుడు విమానమును సరిచేసినచో ఎదురుప్రక్కకు తిరుగుచున్నట్లు దేహము మొరపెట్టును. సాధనములు ఒకటి చెప్పును, ఒళ్లు మరియొకటి చెప్పును. ఒంటి మాటను కాదని సాధనములను నమ్ముటయే మేఘములలోని విద్య. కదలని కుర్చీలో కూర్చున్నవానికి ఆ తగవు ఎన్నడును ఎదురుకాదు. ఆమోదము పొందిన చిన్న యంత్రములును ఎక్కువభాగము కదలనివే. అందువలననే వాటికిని అయిదు గంటలనియో, పది గంటలనియో హద్దు పెట్టిరి. విమానసంస్థలవారు వాడు మహాయంత్రములు ఆరు కాళ్లమీద నిలిచి ఆరు విధముల కదలును. ఆ అమరికను స్టివార్ట్ అను ఇంజనీరు 1965లో ప్రకటించిన వ్యాసమును బట్టి ఆ పేరుతో పిలుతురు. వాటి వెల కోట్లలో నుండును. మన చర్చకు అవి అవసరము లేదు.

ఆమోదితమైనదెల్ల నిర్దోషమని మేము చెప్పుచున్నామని అనుకొనవలదు. 2001 నవంబరు 12న న్యూయార్కులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి 587వ సంఖ్య గల విమానము లేచిన కొలది నిమిషములకే కూలి, లోపలి 260 మందియు, నేలమీది అయిదుగురును మరణించిరి. ముందు పోయిన విమానము వదలిన గాలిసుడి తగిలినపుడు సహచోదకుడు రడ్డరును అటునిటు అవసరమునకు మించి త్రొక్కగా తోక విరిగిపోయెను. విచారణసంఘము 2004లో ఇచ్చిన నివేదికలో ఆ త్రొక్కుటను ప్రధాన కారణముగా చెప్పి, ఆ విమానపు రడ్డరు నిర్మాణమును, సంస్థవారి శిక్షణక్రమమును దానికి తోడ్పడిన కారణములుగా పేర్కొన్నది. సిమ్యులేటరులో ఆ సుడిని ఉన్నదానికంటె భయంకరముగా చూపి, చోదకులకు లేని అవసరమును నేర్పిరట. వేలకొలది గంటలు ఎగిరిన వృత్తిచోదకునకే, మేటి యంత్రములోనే, తప్పుపాఠము ఇట్లు అంటుకొనినపుడు, అడుగువాడు లేని గదిలో పదునాలుగేండ్ల బాలునికి ఏమేమి అంటుకొనునో ఊహింపుడు. అయితే ఒక భేదమున్నది. అచ్చట తప్పు జరిగినపుడు ఏ పాఠము, ఏ యంత్రము, ఎవరు నేర్పిరి అని వెదకుటకు పత్రములుండెను. దిద్దుటకు అవకాశము కలిగినది.

ఇంతవరకు విని, “అయితే ఇంటి యంత్రమును అటకమీద పెట్టవలెనా?” అని వెనుకవరుసలోని చిరంజీవి ఎవరో గొణుగుట వినబడినది. అక్కరలేదు నాయనా. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు చిన్న కంప్యూటరు సాధనములమీద పరిశోధన చేసి 1999లో ఫలితములు ప్రకటించిరి. క్రొత్త పాఠము నేర్చుకొనునపుడు వాటివలన గగనయానపు కాలము నిజముగా ఆదా అయినది. నేర్చినదానిని మరల మరల చేయునపుడు లాభము స్వల్పమైనది. అనగా బుద్ధి నేర్వవలసిన క్రమము, సాధనముల పేర్లు, ఏది ముందు ఏది వెనుక, రేడియో సంకేతములను బట్టి దారి కనుగొనుట, ఇవి ఇంటనే చాలవరకు పట్టుబడును. గంటకు పదివేలకు పైగా ఖర్చగు విమానములో కూర్చుండి మీట ఎక్కడున్నదో వెదకుట కంటె ఇంట నేర్చి పోవుట మేలు. శిక్షణలో చేరిన తరువాత, శిక్షకుడు చెప్పిన పాఠమునే ఆ రాత్రి ఇంట వల్లించుకొన్నవాడు బాగుపడును. చేరకముందు తనంత తాను జెట్ విమానములను దింపినవానికి తరువాత మరపింపవలసినది ఎక్కువ.

మన సంఘమునకు ప్రత్యేకముగా సంబంధించిన సంగతి మరియొకటి కలదు. మన పిల్లలు ఇంట తెలుగు, బడిలో కన్నడము, వీధిలో దక్కనీ ఉర్దూ మాటలాడుదురు. మూడు భాషల బిడ్డలని మనము మురియుచుందుము, మురియదగినదే. అయితే ఆకాశములో నాలుగవదైన ఇంగ్లీషు కావలెను. అదియు బడి ఇంగ్లీషు కాదు. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 2008 మార్చి నుండి అంతర్జాతీయ మార్గములలో ఎగురు చోదకులకు ఆరు మెట్లలో నాలుగవ మెట్టు వరకైన ఇంగ్లీషు వాడుక ఉండవలెనని విధించినది. రేడియోలో తడబడక వినవలెను, విన్నదానిని అంకెలతో సహా తిరిగి పలుకవలెను. మన పిల్లలు వెనుకబడునది ఎక్కువగా ఇచ్చటనే, గణితములో కాదు. ఇంటి సిమ్యులేటరు నడుపువారు ప్రపంచమంతట ఒకరితో నొకరు రేడియోలోవలె మాటలాడుకొను వాట్‌సిమ్ అను ఉచితమైన కూటము 2001 నుండి నడచుచున్నది. అందులో కొందరు చోదకులుగాను, కొందరు నేలమీది నియంత్రకులుగాను పలుకుదురు. వారు అభిమానులే, అధికారులు కారు. ఆ గంటలును లెక్కకు రావు. కాని వినికిడి పదునెక్కును, నోరు తిరుగును. ఇంటి యంత్రమువలన మన పిల్లలకు కలుగు లాభములలో దీనినే మేము మొదటిదిగా ఎంచుచున్నాము. దీనికి రెండు లక్షలు అక్కరలేదు. ఇంటనున్న కంప్యూటరును, చెవులకు తగిలించుకొను సాధనమును చాలును. ఫ్లైట్‌గేర్ అను కార్యక్రమము ఉచితముగానే దొరకును.

ఇక ధనము సంగతి. మన బంధువర్గములో ఒక కుటుంబము ఒకానొక నగరములోని ఒక శిక్షణకేంద్రమునకు లక్షన్నర రూపాయలు కట్టినది. యాభై గంటల సిమ్యులేటరు శిక్షణ యని రసీదులో వ్రాసియుండెను. తరువాత ఆ బాలుడు నిజమైన శిక్షణాలయములో చేరబోయి ఆ కాగితము చూపగా, “ఈ యంత్రమునకు ఆమోదపత్ర సంఖ్య ఏది?” అని అడిగిరి. ఆ సంఖ్య లేదు. అసలు ఆమోదమే లేదు. పెద్ద తెర, విమానపు కుర్చీ, నీలిరంగు దీపములు మాత్రముండెను. రసీదులో ఎక్కడను అబద్ధము వ్రాయలేదు గనుక ఫిర్యాదు నిలువలేదు. “సిమ్యులేటరు” అని వ్రాసిరి, “ఆమోదిత” యని వ్రాయలేదు. ఆ ధనము బాలుని తల్లి గాజులమీద తెచ్చినది. కావున ఎవరైన సిమ్యులేటరు గంటలు అమ్మజూపినచో మీరు అడుగవలసినది తెర ఎంత పెద్దదని కాదు. ఆమోదపత్రము చూపుడు, దాని గడువు ఎంతవరకు, ఏ అనుజ్ఞకు ఎన్ని గంటలు చెల్లును, సంతకము చేయు శిక్షకుని అనుజ్ఞ ఏది అని అడుగుడు. సంకోచింపవలదు. ఆవును కొనునపుడు పళ్లు చూడమా?

అన్నిటికంటె ముందు చేయవలసినది ఒకటున్నది. చిత్రమేమనగా ఇది ఎవరును ముందు చెప్పరు. చోదకుడు కావలెననిన డి.జి.సి.ఏ. గుర్తించిన వైద్యుల పరీక్షలో నెగ్గవలెను. చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, గుండె, అన్నియు చూతురు. రంగుల దోషము పుట్టుకతో వచ్చునది, తనకున్నట్లు ఆ బాలునికే తెలియదు. వాణిజ్య శిక్షణకు నేడు అరకోటికి అటునిటుగా ఖర్చగుచున్నది. పొలము అమ్మిన పిదప ఈ పరీక్షకు పోయినవారిని మేమెరుగుదుము. పరీక్షకయ్యే ఖర్చు కొలది వేలు మాత్రమే. ఇంటి యంత్రము కంటె ఇది ముందు, శిక్షణ రుసుము కంటెను ముందు.

మొదట చెప్పిన సోదరికి మేము ఈ సంగతులన్నియు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, రెండు లక్షల మాట ప్రక్కనబెట్టి, ఇంటనున్న కంప్యూటరుకే ఒక కర్రయు, ఒక జత పెడళ్లును కొనిపెట్టినది. కుర్రవాడు మొదట అలిగినాడట. ఇపుడు రాత్రిపూట చెవులకు యంత్రము తగిలించుకొని ఇంగ్లీషులో అంకెలు పలుకుచుండగా వాళ్ల నాయనమ్మ, “వీనికి ఏదో గాలి సోకినది,” అని దిష్టి తీయుచున్నదని విన్నాము. పోయిన గురువారము తండ్రికొడుకులు హైదరాబాదు వెళ్లి వైద్యపరీక్ష చేయించుకొని వచ్చిరి. కన్నుల పరీక్ష కాగితము ఇంకను రావలసియున్నది.